ఊళ్ళో ఓటు

“ఏమప్పా భానుప్రకాశ్! ఆరేండ్లుగా ఉండేది ఈడ, ఓటేసేది కుప్పంలోనా? సిగ్గనిపించలేదా నీకు?” గేటు దగ్గరే నిలదీశాడు ముద్దుకృష్ణ.

భానుప్రకాశ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. కాలనీలో బాడుగకు ఉంటున్నాడు. పాపం, నసిగాడు.

“స్వర్ణక్క ఫారం నింపిచ్చినాక ఈడా పేరొచ్చిందన్నా. ఊర్లోది తీసెయ్యమంటే మా నాయన ఒప్పుకోలే. ఓటు పోతే ఊర్లో మనిషే లేనట్లంట. ఈతూరి మా మేనమామ నిలబడినాడు. వ్యాన్ గూడా పంపిస్తాండాడు.”

“మీ మేనమామ వచ్చి నీ బిందె నింపుతాడా?”

భానుప్రకాశ్ గేటు గడియ తీస్తూ వేస్తూ నిలబడ్డాడు. పక్కన నిలబడి కొంగుతో చెమట తుడుచుకుంటున్న స్వర్ణ, “ఆలోచన చెయ్యప్పా, నీళ్ళ కోసరమే కదా” అని మాత్రం అంది. వార్డు మెంబరుగా నిలబడింది ఆమే. ముద్దుకృష్ణ ఆమె భర్త.

మదనపల్లె నుంచి అంగళ్ళు పోయే దారిలో ఒకప్పుడు వేరుశనగ చేలు ఉండిన చోట ఇప్పుడు రెండు వందల ఇళ్ళు. పుంగనూరు, గంగవరం, కుప్పం, బైరెడ్డిపల్లె, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళే అందరూ. మంచినీళ్ళ పైపు మాత్రం పాత ఊరి చివరింటి దగ్గరే ఆగిపోయింది. అడగబోతే మెంబరు చెంగల్రాయుడు మొహం మీదే అనేవాడు: “మీ ఓట్లు యాడుండాయో ఆడికే పోయి అడగండమ్మా నీళ్ళు!”

మాట చేదే. అబద్ధమా అంటే కాదు.

పది రోజులకొకసారి వచ్చే ట్యాంకరు దగ్గర తోపులాటలో పడి స్వర్ణ చెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పిన వారానికే నామినేషన్ వేసింది. అంతకు ముందే ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపించి కొత్త ఓట్లు చేర్పించింది; సగం మంది మాత్రం ఊరి ఓటు వదులుకోమని ఫారమే నింపలేదు. ముద్దుకృష్ణ టమాటా మండీలో పని మానుకుని ఆమె వెంట తిరిగాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇట్లాంటి మొగుడుంటే మేమూ నిలబడుదుమని కాలనీ ఆడవాళ్ళు కుళ్ళుకున్నారు.

పోలింగ్ రోజు తెల్లారేసరికి కాలనీ సగం ఖాళీ. వ్యాన్లు, బస్సులు ఎవరి ఊరికి వాళ్ళను ఎక్కించుకుపోయాయి. స్వర్ణ బూతు దగ్గర తలమునకలుగా ఉండగా ముద్దుకృష్ణ ఫోన్ చేశాడు.

“పుంగనూరు దావన పోతాండా. పోయినోళ్ళలో నలుగురినన్నా వెనక్కి తోలుకొస్తా.”

పోలింగ్ ముగిశాక ఒక్కడే తిరిగొచ్చాడు. “ఒక్కడూ రాలే స్వర్ణా” అంటూ మెట్టు మీద కూలబడ్డాడు. ఆమె మజ్జిగ ఇచ్చింది. అతని వేలి మీద సిరా చూసి, పోనీ, తన ఇంటి ఓట్లు రెండూ పడ్డాయి కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది.

సాయంత్రానికి లెక్క తేలింది. చెంగల్రాయుడికి నూట అరవై నాలుగు. స్వర్ణకు నూట అరవై మూడు.

ఒక్క ఓటు! అది పడి ఉంటే సమానమయ్యేది, చీటీ తీసేవాళ్ళు. ఆ అదృష్టం కూడా లేకపోయింది.

అందరి ముందూ గట్టిగానే నిలబడిన స్వర్ణ, ఇంటికొచ్చి వరండాలో ఖాళీ బిందెలు చూడగానే భోరుమంది. ముద్దుకృష్ణ మెట్టు మీదే కూర్చుని ఉన్నాడు. ఇంకో ఐదేళ్ళు ఇదే బతుకు. మళ్ళీ నిలబడే ఓపిక తనకు లేదు. నిలబడినా ఎవరి కోసం నిలబడాలి?

బూతులో ఆమె తరఫున ఏజెంటుగా కూర్చున్న మునిచంద్ర ఓటర్ల జాబితా పట్టుకుని వచ్చాడు.

“ఆ భానుప్రకాశ్ గాడే నా కొంప ముంచింది. నా చేత్తోనే కదప్పా వాడికి ఫారం నింపిస్తి!” అంది స్వర్ణ.

“ఆయప్పను అనొద్దక్కా. వ్యానెక్కనే లేదు. మొదటి ఓటు ఆయప్పదే.”

స్వర్ణ నాలుక కరుచుకుంది. ఎంత మాట అనేసింది!

“మరి ఎవురు? కాలనీలో ఓటుండీ ఎయ్యనోళ్ళు ఎంతమంది?”

“తొమ్మిది మందక్కా. ఎనిమిది మంది తెల్లారకముందే ఊర్లకు పోయినోళ్ళు. వాళ్ళు పోతారని మనకు ముందే తెల్సు.”

“తొమ్మిదోడు?”

మునిచంద్ర జాబితా మడిచి చంకలో పెట్టుకున్నాడు. “ఇప్పుడెందుకులేక్కా. అయిపోయింది కదా.”

“సెప్పప్పా! వాడి ఇంటి ముందరికి పోయి అడగతా. నా చెయ్యి విరిగింది సూళ్ళేదా, నా ఏడుపు సూళ్ళేదా, ఏం పాపం చేస్తి నీకని అడగతా. ఎవురు వాడు?”

మునిచంద్ర చంకలోని జాబితాను ఇంకా గట్టిగా నొక్కిపట్టుకున్నాడు. వీధిలో ట్యాంకరు హారన్ మోగింది. పక్కిళ్ళ వాళ్ళు బిందెలతో పరుగెత్తుతున్నారు. స్వర్ణ కదల్లేదు.

“గంగవరంలో నిలబడిన మా అన్నకు ఏసొచ్చినా,” అన్నాడు ముద్దుకృష్ణ.