చివరి ఇల్లు

బస్సు దిగేసరికి వాన.

"చివరి ఇల్లు అని హోటలతను రాశాడు. ఇదే అయ్యుంటుంది," అంది వెద్రాన.

"ఇందాకటి నుంచీ ఇది మూడో చివరి ఇల్లు," అంది తేనా.

నలభై రోజులుగా ఇద్దరూ వీపున సంచులేసుకుని ఐరోపా తిరుగుతున్నారు. జాగ్రెబ్‌లో బయల్దేరినప్పుడు ప్రాణస్నేహితులు. క్రాకోలో షాంపూ సీసా దగ్గర మాటా మాటా పెరిగింది. బుడాపెస్ట్‌లో వెద్రాన 'ఇంకొక్క ఫోటో' అంటూ ఉండగానే రైలు వెళ్ళిపోయింది. మాంటెనెగ్రో కొండలెక్కేసరికి దారి తెలుసుకోవడానికి మాత్రమే మాట్లాడుకుంటున్నారు.

ఏథెన్స్ దాకా కలిసి వెళ్ళాలని ఒప్పందం. గురువారం బస్సుకి కొండ దిగి తన దారిన తను ఇంటికి పోతానని తేనా ఆ పొద్దున్నే చెప్పేసింది.

గుమ్మంలో డెబ్భై ఏళ్ళావిడ నిలబడి ఉంది. చేతులకి పిండి.

"పెద్దమ్మా, చివరి ఇల్లు ఇదేనా?"

"ఇదే. దీని తర్వాత ఇల్లు లేదు."

"మాకు గది ఉంది కదా?"

ఆవిడ ఇద్దర్నీ చూసింది. వాళ్ళ కింద చేరుతున్న మడుగునీ చూసింది.

"ఉంది. ఒక్కటే."

"ఒక్కటి చాలు. గురువారం దాకా ఉంటాం. డబ్బు ముందే కట్టేశాం."

"మంచి పని చేశారు. బూట్లు విప్పండి."

గదిలో ఒకటే మంచం. తాళం లేదు. బీరువా తెరిస్తే లోపల నల్ల కోట్లు, నాఫ్తలీన్ వాసన. దిండు కింద కళ్ళజోడు.

"ఇదేం హోటలే! ఇంకా ఎవరో కాపురం ఉన్నట్టుంది," అంది తేనా.

"పల్లెటూరి అనుభవం. ఇప్పుడు ఇదే ఫ్యాషన్. కళ్ళజోడుక్కూడా కలిపే వసూలు చేసి ఉంటారు."

భోజనానికి మొక్కజొన్నపిండి, బంగాళదుంపలు కలిపి మెదిపిన కచామక్, పైన మీగడ. ఒకటే పెనం, మూడు చెంచాలు.

"విడిగా పళ్ళేలు లేవా పెద్దమ్మా?" తేనా అడిగింది.

"ఉన్నాయి. కడిగేదెవరు?"

మూడో చెంచా ఎవరికో అప్పుడు తెలిసింది. ఆవిడ కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్యే కూర్చుంది.

"అక్కచెల్లెళ్ళా?"

"కాదు. స్నేహితులం."

"మరి ఇంతలా ఎందుకు పోట్లాడుకుంటున్నారు?"

"మేమేం పోట్లాడుకోవట్లేదు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"అదే. మాటల్లేని రకం. మా ఆయనా నేనూ నలభై ఏళ్ళు ఆడాం ఆ ఆట. ఆయనే గెలిచాడు, ముందు పోయి."

మర్నాడు తేనా గట్టిగా చెప్పింది. కాఫీ ఏడింటికల్లా కావాలి, తువ్వాళ్ళు మార్చాలి, కోడిపుంజుని కాస్త దూరంగా కట్టెయ్యాలి. ఆవిడ అన్నిటికీ తల ఊపింది. కోడిపుంజుని మధ్యాహ్నం సూపులో పెట్టింది.

"చంపమన్లేదు నేను!"

"దూరంగా అన్నావుగా తల్లీ."

వెద్రానకి నవ్వాగలేదు. రెండు వారాల్లో అదే మొదటిసారి. తేనా గుడ్లురిమింది గాని, ఆ తర్వాత తనూ నవ్వేసింది.

అది చూసి కాబోలు, ఆవిడ చిక్కుడుకాయల బుట్ట తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది.

"ఒలవండి. ఊరికే కూర్చుంటే మళ్ళీ మొదలెడతారు."

"కస్టమర్లతో పని చేయిస్తోందే!" తేనా గొణిగింది.

"అనుభవం," అంది వెద్రాన గింజ తీస్తూ. "ఒక్కటి అడగనా? బుడాపెస్ట్‌లో రైలు పోయినందుకేనా అంత కోపం?"

"రైలు కాదు. నువ్వు కనీసం సారీ చెప్పలేదు."

"చెప్పాను. నువ్వు చెవుల్లో పాటలు పెట్టుకున్నావు."

బుట్ట సగమయ్యేసరికి షాంపూ దాకా వచ్చారు. అడుగు కనిపించేసరికి ఏడిచారు, ముక్కులు చీదుకున్నారు, ఎవరికీ గుర్తులేని ఇంకో తగువు కూడా తీర్చేసుకున్నారు.

ఆవిడ మాత్రం పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు.

"ఎప్పుడు చూసినా ఇక్కడే ఉంటుంది. మనం పడుకునేదాకా, మళ్ళీ లేచేసరికీ. డ్యూటీ దిగదా ఈవిడ?" అంది తేనా.

"చిన్న హోటల్ కదా. పనివాళ్ళు దొరకరు పాపం."

గురువారం తేనా టిప్పు ఇవ్వబోయింది. ఆవిడ మొహం ఎర్రబడింది.

"మీ అమ్మ అన్నం పెట్టినా ఇలాగే డబ్బులు చేతిలో పెడతావా?"

నోటు తిరిగి తేనా జేబులోకి, దాంతోపాటు ఓ రొట్టె చంకలోకి వచ్చాయి.

బస్సెక్కాక తేనా కిటికీలోంచి చూస్తూ అడిగింది, "ఏథెన్స్ బస్సు ఎన్నింటికి?"

"నీకెందుకు? ఇంటికెళ్ళిపోతున్నావుగా."

"అడిగితే చెప్పొచ్చుగా!"

మూడో మలుపులో సిగ్నల్ వచ్చింది. తేనా హోటల్ పేజీ తెరిచి రాసేసింది: 'యజమానురాలు మనిషి మంచిదే గాని హోటల్ నడపడం రాదు. మనతోపాటే కూర్చుని తింటుంది. మన సంగతులన్నీ ఆవిడకే కావాలి. ఐదింట్లో రెండు చుక్కలు.'

నిమిషంలో జవాబు.

'అమ్మా, మీరసలు మా హోటల్‌కి రానేలేదు. మూడు రోజులూ మీ మంచాలు ఖాళీగా ఉన్నాయి. చివరి ఇల్లు దాటి గుట్ట ఎక్కాలి. ఇంతకీ మీరెక్కడున్నారు?'

వెద్రాన రెండుసార్లు చదివింది. తేనా లేచి, ఊగుతూ డ్రైవరు దగ్గరికి నడిచింది.

"అన్నా, ఆ చివరిది హోటల్ కాదా?"

"మిలోసవ పెద్దమ్మదా? హోటలా?" డ్రైవరు నవ్విన నవ్వుకి బస్సు కూడా కాస్త ఊగింది. "ఓ వంటిల్లూ, ఓ గదీ. హోటలట!"

తేనా ఫోను వంక చూసింది. రెండు చుక్కలూ అలాగే మెరుస్తున్నాయి.

"బస్సు ఆపు అన్నా. వెనక్కి వెళ్తాం."

"పైకి మళ్ళీ సోమవారమే. నడిస్తే ఇరవై కిలోమీటర్లు."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"మూడు రోజులు ఆ గదిలోనే ఉన్నాం," అంది వెద్రాన మెల్లిగా.

"అలాగా!" అన్నాడు డ్రైవరు, అద్దంలోంచి వాళ్ళ వైపు చూసి. "ఉన్న ఒక్క మంచం మీకిచ్చేసి, మరి ఆవిడ ఎక్కడ పడుకుంది?"