శేషం లేని మంగళవారం

"ఎన్నడు పుట్టిన్నో కన్నదానికే ఎరుక లేకపాయె." మంగ్యా బూట్లు విప్పి గోడకేసి కొట్టాడు.

తల్లి దేవ్లి పెనం మీద జొన్నరొట్టె తిప్పింది. మంగళవారం కదా, మొదటి రొట్టె అప్పటికే భవాని పటం ముందు మోదుగాకులో ఉంది. ప్రతి మంగళవారం అంతే, దాన్ని ఎవరినీ ముట్టనివ్వదు. తన పుట్టినవారం గనుక తన పేరు మీదే మొక్కుకుంటుందని మంగ్యా అనుకునేవాడు.

పోలీసు ఎంపిక కోసం రెండేళ్లు కాలువగట్టు మీద పరుగెత్తాడు. తీరా పొద్దున నిజామాబాదులో, బడి సర్టిఫికెట్ చూసి లైన్లోంచి పక్కకు జరిపారు. ఇరవై రెండు నిండినవాళ్లు పనికిరారట. ఇతనికి ఇవాళ్టితోనే నిండాయట. వెనక నుంచి ఎవడో పుట్టినరోజు శుభాకాంక్షలు చెబితే లైనంతా నవ్వింది. బాన్సువాడ బస్టాండులో దిగేదాకా ఆ నవ్వు చెవుల్లోనే ఉంది.

"నీకు గంత వయసు లేదురా, చిన్నోడా," అంది దేవ్లి. ఒక్కగానొక్క కొడుకు మరి, మీసాలొచ్చినా ఆమెకు చిన్నోడే.

"లేదని చెప్తే వాళ్లు ఇంటరా? రుజువు గావాలె."

రుజువు సంగతి బస్సులోనే ఆలోచించాడు. లంబాడీ తండాలో పుట్టినవారాన్ని బట్టే పేరు. సోమవారం పుడితే సోమ్లి, మంగళవారం పుడితే మంగ్యా. బడిలో తేదీలంటారా, చాలామందికి సార్లు తోచినట్టు వేసినవే. తన సర్టిఫికెట్‌లో ఉన్నది మంగళవారం కాకపోతే ఆ తేదీ తప్పని నిలదీయవచ్చు. మనిషి రాసింది తప్పవచ్చు గానీ, దేవుడిచ్చిన వారం తప్పుతుందా?

బొగ్గుముక్కతో గోడ మీద లెక్క మొదలుపెట్టాడు. ఏడాది రోజుల్ని ఏడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది, లీపు సంవత్సరమైతే రెండు. సర్టిఫికెట్‌లో ఉన్న డెబ్బై ఎనిమిది జూలై నాలుగు నుంచి ఈ రెండువేల సంవత్సరం జూలై నాలుగుకు ఇరవై రెండేళ్లు, వాటిలో ఆరు లీపులు. మిగిలినవన్నీ కలిపితే ఇరవై ఎనిమిది. మళ్లీ ఏడుతో భాగించాడు. శేషం సున్నా. అంటే ఆ రోజు కూడా ఇవాళ్టి వారమే.

మంగళవారమే.

బొగ్గు విసిరికొట్టాడు. "సారు సరిగ్గనే రాసిండు. నువ్వే అబద్ధమాడుతున్నవ్."

"సారుకు దవాఖాన చీటీ నేనే ఇచ్చిన. ఇంట్ల గదొక్కటే ఉండె." దేవ్లి పెనం దించింది. "నువ్వు దవాఖానల పుట్టలే. గీ ఇంట్లనే పుట్టినవ్, శుక్రారం పొద్దుగాల."

"శుక్రారం పుట్టినోనికి మంగ్యా అని ఎవలన్న పెడ్తరా, యాడీ? ఇగ నా పేరు మీద గీ మొక్కులొద్దు."

తల్లి మీది కోపమంతా రొట్టె మీదికి మళ్లింది. ఆకుతో సహా లాగి వాకిట్లోకి విసరబోయాడు. దేవ్లి లేచి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. అంత బలం ఆమెకు ఎక్కడిదో, అతను విడిపించుకోలేకపోయాడు.

"అది నీది గాదు," అంది.

"మరి ఎవనిది?"

"మంగళారం దవాఖానల పుట్టి దక్కకుండ పోయిన మంగ్యా నీకు అన్న, నీకు వాని పేరే పెట్టిన, చిన్నోడా."