రద్దు కోరినవాడు

“కొన్నవాళ్ళు పసివాళ్ళండీ, వాళ్ళను క్షమించాలి. అమ్మినవాణ్ణి మాత్రం వదలకూడదు,” అంటున్నాడు టీవీలో లీడరు.

ఇంట్లో అన్నం తింటున్న బస్సు డ్రైవరు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. టీవీలో ఉన్నది అతని కొడుకు. లీడరన్నది వీధి పెట్టిన పేరు. పక్కన కూర్చున్న కూతురు టీవీ వైపు చూడటం లేదు. టీచరు ట్రైనింగు ప్రవేశ పరీక్షలో ఆమెకు మొన్ననే సీటొచ్చింది. ఆ పరీక్ష పేపరు ముందే బయటికి పొక్కిందని, రద్దు చేసి తీరాలని ఆమె అన్న ఊరంతా ఏకం చేస్తున్నాడు.

“మీ చెల్లెలికి ఈ పరీక్షలోనే సీటొచ్చిందట కదా. రద్దయితే అదీ పోతుందిగా?” అని అడిగింది యాంకరు.

“పోనివ్వండి. న్యాయానికి చెల్లెళ్ళుండరు,” అన్నాడు లీడరు. స్టూడియో అంతా చప్పట్లు.

కూతురు లేచి కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. తల్లి పోయినప్పటి నుంచీ ఆ వంటిల్లు ఆమెదే.

కొడుకు అభిప్రాయాలు డ్రైవరుకు కొత్త కాదు. వాడికి అభిప్రాయం లేని వార్తంటూ లేదు. నీటి ఎద్దడి మీద చర్చలు నడిచినన్నాళ్ళూ స్నానం మానేశాడు. కరెంటు పొదుపు చెయ్యమని ప్రభుత్వం ప్రకటించిన రోజు, ఇస్త్రీ చెయ్యమన్న తండ్రి యూనిఫారాన్ని మడతపెట్టి అలాగే చేతికిచ్చాడు. డిగ్రీలో తప్పి చెల్లెలి క్లాసులో పడ్డప్పుడు, ఫెయిల్ చేసే పద్ధతే తప్పని కాలేజీ గేటు ముందు బైఠాయించాడు. ఈ పరీక్షకు ముందు గాలి కాలుష్యం మీద ఒంటికాలి మీద లేచి, తండ్రి కొనిచ్చిన మోటారు సైకిలు అమ్మేశాడు. డబ్బేదిరా అంటే చదువుకే పెట్టానన్నాడు. ఈ రోజుల్లో చదువెంత ఖరీదైందో వివరించబోతే, డ్యూటీకి టైమైందని డ్రైవరే తప్పించుకున్నాడు.

ఈ పరీక్ష అన్నాచెల్లెళ్ళిద్దరూ రాశారు. ముందు రోజు చెల్లెలు, అప్పటిదాకా జరిగిన పరీక్షల ప్రశ్నపత్రాల కట్ట తెచ్చి వాడి ముందు పెట్టింది. ఇవైనా ఒకసారి తిరగెయ్యి అన్నయ్యా అంది. పాతవి పట్టుకుని వేలాడేవాళ్ళ వల్లే దేశం ఇలా ఏడిసిందని వాడు ఆ కట్టను తోసేశాడు. తను చదవాల్సింది చదివేశానని చెప్పి హాయిగా నిద్రపోయాడు. మర్నాడు హాల్లోంచి వచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. చదివినదొక్కటీ రాలేదన్నాడు. అందులో డ్రైవరుకు వింతేమీ కనిపించలేదు.

ఫలితాలొచ్చాయి. చెల్లెలికి సీటొచ్చింది, అన్నకు రాలేదు. ఆ మర్నాడే ఉద్యమం మొదలైంది.

సీలు వేసిన కవర్లు సీలు వేసినట్టే హాలుకు చేరాయని పరీక్షల బోర్డు నెత్తీ నోరూ బాదుకుంది. కాలేజీ వెనక జిరాక్సు షాపువాడు పేపరు అమ్ముతుంటే తన కళ్ళతో చూశానని లీడరు విచారణ అధికారి ముందు ప్రమాణం చేశాడు. పోలీసులు వెళ్ళేసరికి ఆ షాపు మూసేసి ఉంది. అధికారికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది.

స్టూడియో నుంచి కొడుకు ఇంటికి రాగానే డ్రైవరు నిలదీశాడు.

“నీకు రాలేదన్న కడుపుమంటేగా ఇదంతా?”

“అలా అనుకునేవాళ్ళకు నేనేం చెప్పను నాన్నా? నేను మనుషుల గురించి మాట్లాడట్లేదు, వ్యవస్థ గురించి మాట్లాడుతున్నా.”

వంటింటి గుమ్మంలోంచి కూతురు అడిగింది. “నేను కొనలేదని నీకు తెలుసుగా అన్నయ్యా?”

“తెలుసే. కొననిదానివి భయమెందుకు? మళ్ళీ పెడితే మళ్ళీ రాస్తావు.”

“మళ్ళీ ఎప్పుడు పెడతారు?”

దాని మీద మాత్రం లీడరుకు అభిప్రాయం లేదు.

సీట్లొచ్చినవాళ్ళంతా కలిసి, రద్దు చెయ్యొద్దని బోర్డుకు మొరపెట్టుకోబోతున్నారు. కూతురూ వెళ్తానంది. డ్రైవరు సరేనన్నవాడే. కానీ మర్నాడు బస్సులో ఒక పెద్దమనిషి దిగబోతూ ఆగి, అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. చెల్లెల్ని కూడా లెక్కచెయ్యని నిప్పులాంటి కుర్రాణ్ణి కన్నావయ్యా అన్నాడు. బస్సంతా తలలూపింది. కొడుకు గురించి అంతవరకు ఫిర్యాదులే విన్న చెవులవి. ఆ పూట డ్రైవరు స్టీరింగు ముందు నిటారుగా కూర్చున్నాడు.

ఇంటికొచ్చి కూతురితో మెల్లగా అన్నాడు. “నువ్వు వెళ్ళి నిలబడితే అన్న నోట్లో మట్టి కొట్టినట్టవుతుందమ్మా. ఈ ఒక్కసారికి ఊరుకో.”

ఆమె తండ్రి మొహంలోకి చూసింది. వేసుకున్న చెప్పులు విడిచి గుమ్మం పక్కన పెట్టింది.

పరీక్ష రద్దయింది. లీడర్ని భుజాల మీద ఎక్కించుకుని వీధంతా తిప్పారు. ఆ కేకలు ఇంట్లోకి వినబడుతుంటే, కూతురు అటక మీద పడేసిన ప్రశ్నపత్రాల కట్టను మళ్ళీ కిందికి దించి, దుమ్ము దులిపింది. మళ్ళీ పరీక్ష ఎప్పుడో బోర్డు చెప్పలేదు.

సందడి సద్దుమణిగాక కొడుకు ఇంటికొచ్చి కుర్చీలో చతికిలపడ్డాడు. డ్రైవరు వాడికి మంచినీళ్ళిచ్చి, ఎదురుగా కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో కొడుక్కి అతను మంచినీళ్ళివ్వడం అదే మొదలు.

“ఒరే, నిన్నొక్క సంగతి అడుగుతాను. కొన్నవాళ్ళ మీద జాలి చూపించావు, బాగుంది. ఆ జిరాక్సు షాపువాడి మీద మాత్రం నీకంత పగేంటి?”

లీడరు గ్లాసు కింద పెట్టాడు. ఎదురుగా కెమెరా లేకపోయినా వాడి కళ్ళు ఎర్రబడ్డాయి.

“వాడు నాకమ్మింది పోయినేడాది పేపరు నాన్నా.”