రిఫరీ ఓటు

“ఈ వ్యాసానికి బహుమతి ఇస్తే నేను సంతకం పెట్టను,” అన్నాడు మాజీ రిఫరీ.

ఏడాదికి ఉత్తమ క్రీడా కథనాన్ని తేల్చాల్సిన ముగ్గురిలో ఇద్దరు అప్పటికే ఓటేశారు. మూడో సంతకం లేకపోతే బహుమతి లేదు.

ఆ ఇద్దరిలో ఒకడైన సంపాదకుడికి ఒళ్లు మండింది. “ఇరవై ఏళ్ల కిందటి ఫైనల్లో మీరు గోల్ ఇవ్వలేదని లోకమంతా మిమ్మల్ని దుమ్మెత్తిపోసింది. ఇతనొక్కడే మీ పక్షాన రాశాడు. మేలు చేసినవాడికే ఎసరు పెడతారేంటండీ?”

“బాగా రాశాడు. నిజం రాయలేదు.”

“ఏది అబద్ధం?” ఓటేసిన రెండో జడ్జి, సీనియర్ విలేకరి, వ్యాసాన్ని ముందుకు తోసింది.

“ఎండ కళ్లలో కొట్టి, బంతి గీత దాటడం నాకు కనబడలేదన్నాడు.”

“ఆ మాట చెప్పింది మీరేగా?”

“నేనేనమ్మా. అందరికీ అదే చెబుతూ వచ్చాను. ఆనాటి పేపరు ఒక్కసారి తిరగేసుంటే అతనికే తెలిసేది.”

రిఫరీ సంచిలోంచి పసుపెక్కిన పేపరు తీసి బల్లమీద పరిచాడు. ‘ముసురులోనే ముగిసిన ఫైనల్’ అని శీర్షిక. ఫొటోలో ఆటగాళ్లకు మోకాళ్ల దాకా బురద, వెనక వరసంతా గొడుగులు.

సంపాదకుడి గొంతు తగ్గింది. “అంటే... బంతి?”

“దాటింది. శుభ్రంగా చూశాను.”



“మరి గోల్ ఎందుకివ్వలేదు సార్?” అడిగింది విలేకరి.

“అదీ అడగాల్సిన ప్రశ్న. జవాబు రాసినవాళ్లకి వచ్చే ఏడు బహుమతి ఇవ్వండి.”

ఆమె మార్కుల కాగితాన్ని ఖాళీ వైపుకు తిప్పి, పెన్ను మూత తీసింది.