ఇప్పసారా వాసన

"దగ్గరికి రాకు. కంపు," అంది శోభారాణి, కొంగుతో ముక్కూ నోరూ మూసుకుని.

చందర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. సారపాక కాగితం మిల్లులో కర్ర లారీ దించి వచ్చిన ఒళ్లు. చెమట వాసన తప్ప ఇంకేమీ ఉండదని అతని నమ్మకం.

"నేను తాగలే శోభా. భద్రాచలం రామయ్య మీద ఒట్టేసి మానేసిన గదా. ఏడాదాయె."

"నీ ఒట్టుకు ఇప్పసారా వాసనొస్తుంది."

ఆ వాసన ఆమెకు కొత్తది కాదు. పెళ్లయిన నాటి నుంచి దాని పక్కనే పడుకుంది. మగ్గిన పండులా తియ్యగా, ముక్కుకు అంటుకుని వదలని రోత వాసన. నాలుగు రోజులుగా మళ్లీ అదే. కొంగు అడ్డం పెట్టుకుంటే ఇంకా ఎక్కువైంది. దిండు గలేబు ఉతికింది, పోలేదు. అతను నైట్ షిఫ్టుకు వెళ్లినా పోలేదు. అంటే ఇంట్లోనే ఎక్కడో సీసా దాచాడు. బియ్యం డబ్బా అడుగు దాకా వెతికినా దొరకలేదు. ఆ దొంగ తెలివి తలుచుకుంటే ఆమెకు మరింత అసహ్యం వేసింది.

చెంబెడు నీళ్లు గటగటా తాగింది. వెంటనే పెరట్లోకి పోయి కక్కుకుంది.

"నీకు పాణం మంచిగ లేదు. తిన్నవా? సూదేసుకున్నవా?" అన్నాడు చందర్.

"నీ కంపుకు ముద్ద దిగుతలేదు. తిననిదానికి షుగర్ సూదెందుకు? మాట మార్చకు. రేపు దవాఖానకు నడువు, డాక్టరమ్మ ముందల ఊదు. తాగినవని తేలితే దమ్మపేట పోత, మా అన్న ఇంటికి. మల్ల రాను."

భద్రాచలం దవాఖానలో, గదిలోకి వస్తూనే డాక్టర్ ఆఫియా ముక్కు ఎగబీల్చింది.

"వస్తుంది గదా మేడం?" అంది శోభారాణి కొంగు చాటు నుంచే.

"అవ్, వస్తుంది."

చందర్ ముఖం పాలిపోయింది.

"కానీ ఇది సారా కాకపోవచ్చు," అంది డాక్టర్. "ఒంట్లో ఇన్సులిన్ లేకుంటే చక్కెర ఎంతున్నా ఒంటికి పట్టదు. అప్పుడు కొవ్వు కరిగి కార్జానికి, అంటే లివర్‌కు చేరుతది. కార్జం దాన్ని కీటోన్లుగా మారుస్తది. అవి ఎక్కువైతే నోరు గిట్ల వాసనొస్తది, రక్తం పులుస్తది. ఆలస్యం చేస్తే పాణం దక్కదు."

శోభారాణి కోపం జారిపోయింది. "ఈయనకు షుగరొచ్చిందా మేడం?"

డాక్టర్ చందర్ వేలు గుచ్చి చూసింది. షుగర్ మామూలుగానే ఉంది. ఊదమంది. ఊదాడు.

"చాయ్ వాసన," అంది డాక్టర్. "నువ్వు బయట కూసో."

చందర్ తలుపు వేసుకుని వెళ్లాడు.

"చాయ్ తాగి కప్పిపెట్టిండు మేడం. ఛీ, ఈ మనిషితోని..." శోభారాణికి ఆయాసం వచ్చింది. ఊపిరాడక కొంగు దించింది.

డాక్టర్ ఆమె మీదికి వంగి, స్ట్రెచర్ కోసం కేకేసింది.

ఆ వాసన శోభారాణిది.