రెండు వందల నంబరు గది

"మెమరీలో రెండు వందల నంబరు గదిలో ఏముందో చూపించమంటే, గది నంబరే చూపించావ్. తలకాయ ఉందా?" కూతురు కంప్యూటర్లో అసెంబ్లీ భాషలో రాసిన ప్రోగ్రాం మీద వేలితో పొడిచాడు తండ్రి.

"గది మారదా నాన్నా?"

"మారదు. లోపలి విలువే మారుతుంది. కొత్తది రాస్తే పాతది పోతుంది. ఇక ఎంత వెతికినా దొరకదు."

తిట్లు తిన్నప్పుడల్లా ఆమె అమ్మకి ఫోన్ చేస్తుంది. విడాకులై అమ్మ ఊరు మారిపోయినప్పటి నుంచీ అదే ఓదార్పు. పొద్దున పాత ఫోన్ తీసేసుకుని తండ్రి కొనిచ్చిన కొత్త ఫోన్లో 'అమ్మ' అన్న పేరు నొక్కింది.

వంటింట్లో ఫోన్ మోగింది.

"చెప్పు తల్లీ," అంది పోయిన వారం తండ్రి పెళ్లి చేసుకున్నావిడ.

కూతురు తండ్రి వైపు గిర్రున తిరిగింది. "అమ్మ నంబరేదీ?"

"పేరు అలాగే ఉంచాగా. నంబరే మార్చాను. నీ నంబరూ కొత్తదే, ఇక ఎవరూ విసిగించరు."

"పాతది చెప్పు నాన్నా!"

"నాకెందుకు గుర్తుంటుంది? రోజూ మాట్లాడేదానివి, నీకు తెలీదూ?"

ఆమె నోరు తెరిచింది. ఒక్క అంకె కూడా రాలేదు.

తండ్రి కుర్చీ దగ్గరికి లాగాడు. "ఇప్పుడర్థమైందిగా తేడా? రా, ప్రోగ్రాం సరిచెయ్."