కొత్త జోడీ

బోటు ఇంకా ఒడ్డు వదల్లేదు. వాచీల మెకానిక్ మాత్రం కూర్చున్నచోట కూర్చోలేకపోతున్నాడు. లేచి తన గాలి సిలిండర్ చూసుకున్నాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

“కాళ్ల కింద నిప్పులేమైనా పోశారా?” అంది ఎదురుగా కూర్చున్న ఆవిడ.

ఆవిడే ఇవాళ అతని జోడీ. పరిచయమై పావుగంట కూడా కాలేదు. డ్రైవింగ్ స్కూల్లో కార్లు నేర్పుతుందట. డైవింగ్ నేర్చుకుని నిండా ఏడాది కాలేదట. ఆ గొంతు వింటే మాత్రం సముద్రాన్ని కూడా రివర్స్ గేర్‌లో నడిపించేలా ఉంది.

సముద్రంలోకి ఎవరూ ఒంటరిగా దిగరు. జోడీ లేకుండా వచ్చినవాళ్లను బోటాయన ఎవరో ఒకరితో కలుపుతాడు. పేరు కూడా సరిగ్గా తెలియని మనిషి చేతిలో ప్రాణం పెట్టి నీళ్లలోకి దూకాలి. మెకానిక్‌కి ఒకప్పుడు ఆ పద్ధతి భలే నచ్చేది. రెండేళ్ల కిందటి ప్రమాదం దాకా.

ఆ రోజు కూడా ఇదే బోటు. ఇలాగే అప్పటికప్పుడు కలిపిన జోడీ. సిలిండర్ వాల్వు తల వెనక ఉంటుంది కాబట్టి, దూకేముందు ఒకరిది ఒకరు తిప్పి చూడాలి. ఆ చూడడంలోనే తొందరపాటు జరిగింది. తెరిచే ఉన్న వాల్వును ఇంకా తెరుస్తున్నామనుకుని దాదాపుగా మూసేయడం. పైన ఉన్నంతసేపూ ఊపిరి బాగానే ఆడుతుంది. లోతుకి వెళ్లాక గాలి చాలదు.

అప్పటినుంచి అతను సముద్రం వైపు వెళ్లలేదు. ఆ సంగతి ఎత్తేవాళ్ల మొహాలూ చూడలేదు. ఇంట్లో గ్యాస్ కట్టేసి వచ్చి, మళ్లీ వెళ్లి చూస్తాడు. కుళాయి కట్టేసి, మళ్లీ వెళ్లి చూస్తాడు. ఇలా తిరగడానికే జీతం ఇచ్చేవాళ్లుంటే చూసుకోమని భార్య విసుక్కుంటుంది. మొన్న బోటాయన ఫోన్ చేసి, ఒకావిడకి జోడీ కుదరడం లేదు, వచ్చి పుణ్యం కట్టుకోమన్నాడు. వెళ్లి తీరాలని భార్యే పట్టుబట్టింది. ఇవాళ కూడా దిగకపోతే ఇక ఈ జన్మలో దిగలేనని అతనికి తెలుసు. దిగాలని ఉంది. భయంగానూ ఉంది.

బోటు కదిలాక ఆమె ప్రశ్నలు మొదలుపెట్టింది. పిల్లలెందరు, దుకాణం ఎలా నడుస్తోంది, నీళ్లలో దిగి ఎన్నాళ్లయింది. రాత్రుళ్లు నిద్ర పడుతుందా అని కూడా అడిగింది. కార్లు నేర్పే మనిషికి ఇంత ఆరా ఎందుకో అతనికి అర్థం కాలేదు. పట్టదని మాత్రం నిజమే చెప్పాడు.

రెండేళ్ల కిందట ఆగిన చోటే లంగరు వేశారు. ఇద్దరూ సిలిండర్లు తగిలించుకున్నారు. ఆమె అతని వెనక్కి వచ్చి పట్టీలు లాగి చూసింది. వాల్వు తిప్పి చూసింది. 

తర్వాత ఆమె వీపు తిప్పి నిలబడింది.

అతను బోటాయన్ని పిలిచి, ఆమెది కాస్త చూసిపెట్టమన్నాడు. బోటాయనకి ఉన్నట్టుండి ఒక తాడు ముడితో తల ఎత్తలేనంత పని పడింది.

“నా జోడీ మీరా, ఆయనా?” అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే.

“నా చేతులు ఇవాళ కొంచెం బాగోలేదండీ.”

“రోజూ వణికే చేతుల పక్కనే కూర్చుంటాను నేను. ఎవరి స్టీరింగూ లాక్కోను. మీరే చూడండి.”

ఇసుక రేణువంత మరల్ని పట్టకారుతో పట్టి బిగించే వేళ్లు, పిడికిట్లో పట్టే వాల్వు మీద తడబడ్డాయి. ఎటు తిప్పాలో పైకే గొణుక్కుంటూ తిప్పాడు. మళ్లీ చూశాడు. సిలిండర్లో గాలి ఎంతుందో చూపే మీటరు చేత్తో పట్టుకుని, ఆమెని గట్టిగా ఊపిరి పీల్చమన్నాడు. పీల్చింది. మీటరులో ముల్లు కిందికి పడిపోలేదు, అంటే వాల్వు తెరిచే ఉంది, గాలి సరిగ్గానే వస్తోంది. దూకారు.

నీళ్ల కింద అతను చేపల్ని చూడలేదు, ఆమె మీటరే చూశాడు. పసుపు చారల గుంపొకటి ముక్కు ముందునుంచి పోయినా పట్టించుకోలేదు. బాగానే ఉన్నారా అని వేళ్లు సున్నాలా చుట్టి అడిగాడు. బాగున్నానని ఆమె కూడా సున్నా చుట్టింది. కాళ్లు నాలుగుసార్లు ఆడించాడో లేదో మళ్లీ అడిగాడు. చివరికి ఆమె రెండు చేతులతోనూ సున్నాలు చుట్టి అతని మొహం దగ్గరికి తెచ్చి చూపించింది, ఇక చాలించమన్నట్టు.

అడుగున ఒక పెద్ద బండ దగ్గర ఆమె ఆగిపోయింది. ఇసుక మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ఉండిపోయింది. అతను ఆమె భుజం పట్టుకుని కుదిపి, పైకి పోదామని బొటనవేలు చూపించాడు. ఆమె కళ్లు తెరిచి తల అడ్డంగా ఊపింది. మాస్కులో చేరిన నీళ్లను ముక్కుతో ఊది బయటికి పంపింది. మరికాసేపు అక్కడే ఉంది. ఆ కాసేపూ అతను ఆమె బుడగల్నే చూశాడు. అవి వరసగా, తీరుబడిగా పైకి పోతూనే ఉన్నాయి.

బోటు నిచ్చెనెక్కాక అతను బల్లమీద కూలబడి, ఎందుకో తెలియకుండానే నవ్వాడు. రెండేళ్లలో ఇంత హాయిగా ఊపిరి పీల్చుకున్న గుర్తు లేదు.  బోటాయన మొహం చూడకుండా తువ్వాలు అందించి, ఇంజను దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆమె సంచిలోంచి ఫోన్ తీసి ఇంటికి చేసింది. అవతల ఎవరో పెద్దావిడ, క్షేమంగా వచ్చావా అని కంగారుగా అడుగుతోంది. వచ్చేశానని చెబుతూ ఆమె రెండో చేత్తో మెకానిక్ చెయ్యి పట్టుకుంది. అతను విడిపించుకోబోతే ఇంకా గట్టిగా పట్టుకుంది.

“పొరపాటున మీ అబ్బాయిని మనకి దక్కకుండా చేసిన చెయ్యి ఇదేనత్తయ్యా, ఇవాళ నా గాలి దీంతోనే తెరిపించుకుని దిగొచ్చాను.”